పావ్‌లోవ్ కుక్క బిట్లన్నీ వచ్చు, నా క్లాసుల పిలగాడే అర్థమైతలేడు

చాక్‌పీస్:
అందరికి నమస్తే. జిల్లా పరిషత్ హైస్కూల్ల తెలుగు చెప్తున్న. డీఎస్సీ కోసం సైకాలజీ రెండేండ్లు చదివిన. నేర్చుకునుడు మీద ప్రయోగాలు చేసినోళ్లు, వాళ్ల జంతువులు: థార్న్‌డైక్ పిల్లి, పావ్‌లోవ్ కుక్క, స్కిన్నర్ ఎలుక, కోహ్లర్ చింపాంజీ. నిద్రల లేపి అడిగినా ఏ జంతువు ఏ సిద్ధాంతానిదో చెప్త. యత్నదోషం (తప్పులు చేసుకుంట నేర్చుకునుడు), నిబంధనం (ఒకదానికి ఇంకోటి జోడించి నేర్చుకునుడు), పునర్బలనం (ఫలితంతోటి ప్రవర్తన గట్టిపడుడు), అంతర్దృష్టి (ఒక్కసారిగ తట్టుడు) అన్నీ నోటికి వచ్చు. మార్కులు కూడ మంచిగనే వచ్చినయి.

ఇప్పుడు నా ఆరో తరగతిల ఒక పిలగాడున్నడు. బోర్డు మీదున్నది ఒక్క అక్షరం తప్పు పోకుండ దించుకుంటడు. గుండ్రటి చేతిరాత. లేచి పాఠం చదువు బిడ్డా అంటే మాత్రం నోరు పెగలది. పుస్తకం రెండు చేతులతోటి గట్టిగ పట్టుకుంటడు. బొటనవేలు పేజీ అంచును మడుస్తది, విప్పుతది, మళ్ల మడుస్తది. వాని తెలుగు వాచకంల ప్రతి పేజీకి కింది మూల మడతలే. నిమిషం చూసి నేనే "సరే కూర్చో" అంట. పక్క పిల్లలు నవ్వుతరు. జూన్ నుంచి ఇదే.

దూరవిద్యల ఎం.ఏ. సైకాలజీ చేద్దామని ఉన్నది. సిలబస్ చూస్తే ప్రవర్తనావాదం, మనోవిశ్లేషణ, మానవతావాదం, సంజ్ఞానాత్మక వాదం అని పెద్ద పట్టీ ఉన్నది. ఇంతమందిల ఎవరి మాట నిజం? ఈ పిలగాని విషయంల ఎవరి మాట వినాలె? తెలిసినోళ్లు చెప్పుర్రి.

విశాఖ మాస్టారు:
అమ్మా, ముప్పై ఏళ్లు ఈ సబ్జెక్టు చెప్పి రిటైరయ్యాను. నీ ప్రశ్న చదివాక రాయకుండా ఉండలేకపోయాను. కొంచెం పెద్దగా రాస్తాను, ఓపిగ్గా చదువు.

ముందు ఒక సంగతి. బిట్లలో నువ్వు చదివినవన్నీ జంతువులే ఎందుకయ్యాయో ఎప్పుడైనా అనుకున్నావా? దాని వెనక పెద్ద తగాదా ఉంది. 1879లో జర్మనీలోని లైప్‌జిగ్‌లో విల్‌హెల్మ్ ఊంట్ ప్రయోగశాల పెట్టాడు. చప్పుడు వినబడ్డాక మనిషి మీట నొక్కడానికి ఎంతసేపు పడుతుంది, లోపల ఏమనిపించింది, ఇలాంటివి కొలిచేవారు, అడిగేవారు. అంతఃపరిశీలన అని చదివావే, అదే. ఆయన శిష్యుడు టిచ్‌నర్ అమెరికా వెళ్లి మనసులో ఏయే ముక్కలున్నాయో విడదీసి చూడాలన్నాడు. విలియం జేమ్స్ దానికి ఒప్పుకోలేదు. ముక్కల సంగతి అలా ఉంచండి, మనసు మనిషికి ఏ పనికొస్తుందో చూడండి అన్నాడు. ఆయన పెద్ద పుస్తకం 1890లో వచ్చింది.

ఒకాయన లోపల ఒకటి కనబడిందంటే ఇంకొకాయన లోపల ఇంకొకటి కనబడింది. తేల్చేదెవరు? 1913లో వాట్సన్ విసిగిపోయి, లోపలి సంగతి వదిలేయండి, బయటికి కనబడే ప్రవర్తన ఒక్కటే చూద్దాం అన్నాడు. ప్రవర్తనావాదం అంటే ఇదే. నీకేమనిపిస్తోందని పిల్లిని అడగలేం, ఎలుకని అడగలేం. ఏం చేసిందో చూడగలం, అంతే. అందుకే ఆ కాలం ప్రయోగాలు జంతువులతో నిండిపోయాయి. పావ్‌లోవ్ అయితే అసలు సైకాలజిస్టే కాదు, జీర్ణక్రియ మీద పనిచేసి 1904లో నోబెల్ తీసుకున్న శరీరధర్మ శాస్త్రజ్ఞుడు.

ఇక థార్న్‌డైక్ పిల్లికీ కోహ్లర్ చింపాంజీకీ తేడా. బిట్టులో "యత్నదోషం, అంతర్దృష్టి" అని గీత గీసేస్తారు. కోహ్లర్ అభ్యంతరం అంతకంటే లోతైనది. థార్న్‌డైక్ పిల్లిని గడియ పెట్టిన పెట్టెలో మూశాడు; ఏది లాగితే ఆ గడియ ఎలా ఊడుతుందో పిల్లికి కనబడదు, కనబడనప్పుడు గుడ్డిగా గీకడం తప్ప అదేం చేస్తుంది అన్నాడాయన. అందుకని టెనెరిఫె దీవిలో తన చింపాంజీలకు పండు, కర్ర, పెట్టెలు అన్నీ కళ్లెదుటే పెట్టాడు. పెట్టె మీద పెట్టె ఎక్కించి పండు అందుకున్నాయి. ముందు పెట్టిన అమరిక మారితే తెలివి కూడా మారినట్టు కనబడింది. నీ పిల్లాడి విషయంలో నేనైతే ఇక్కడే ఆగుతాను. వాడి ముందున్న పెట్టెలో వాడికి ఏం కనబడుతోంది, ఏం కనబడటం లేదు?

1950ల నుంచి గాలి మళ్లీ లోపలివైపు తిరిగింది. 1956లో జార్జ్ మిల్లర్, మనిషి ఒక్కసారికి దాదాపు ఏడు విషయాలే, రెండు అటో ఇటో, మనసులో పట్టి ఉంచగలడని రాశాడు. జ్ఞాపకం, ఆలోచన ఎలా నడుస్తాయో చూసే సంజ్ఞానాత్మక దృక్పథం అక్కడినుంచి ఊపందుకుంది. గట్టిగా చదవడం ఎంత పనో దాంతో తెలుస్తుంది. అక్షరం గుర్తుపట్టాలి, పదం కట్టాలి, అర్థం పట్టాలి, నోరు తిప్పాలి, పక్కవాడి నవ్వు వినబడకుండా ఉండాలి. అక్షరం అలవాటైనవాడికి ఇందులో సగం పని దానంతటదే అయిపోతుంది. అలవాటు కానివాడికి అన్నీ ఒకేసారి మీదపడతాయి.

మిగతావి రేపు రాస్తాను, కళ్లు లాగుతున్నాయి.

గోదారి గట్టు:
మాస్టారు చరిత్ర చక్కగా చెప్పారండి. నేను రాజమండ్రిలో స్పెషల్ ఎడ్యుకేటర్‌నండి, రోజూ పిల్లలతోనే పని. టీచరు గారూ, మీరు రాసిందాంట్లో ఒక్క వాక్యం దగ్గర నేను ఆగిపోయానండి: "నిమిషం చూసి నేనే సరే కూర్చో అంట."

ప్రవర్తనావాదం చేతిలో పెట్టే పనిముట్టు చాలా చిన్నదండి. ముందు ఏం జరిగింది, వాడేం చేశాడు, తర్వాత ఏం జరిగింది, ఈ మూడూ రాసుకోవడమే. ముందు: నిలబడమన్నారు. వాడు: మాట్లాడలేదు. తర్వాత: కూర్చోమన్నారు, భయం పోయింది. మాట్లాడకపోతే భయం పోతుందని జూన్ నుంచి రోజూ నేర్చుకుంటున్నాడు. రుణాత్మక పునర్బలనం అంటే ఇదేనండి. చాలామంది దాన్ని శిక్ష అనుకుంటారు. కాదు. ఇబ్బంది తొలగిపోవడం వల్ల ఆ ప్రవర్తన గట్టిపడటం. చూస్తే ఇక్కడ ఇద్దరికీ గట్టిపడిందండి. "కూర్చో" అనగానే మీకూ ఆ నిమిషం ఇబ్బంది తప్పుతోంది కదా.

అలాగని కూర్చోనివ్వకుండా నిలబెట్టకండి, ఇంకా బిగుసుకుపోతాడు. 1924లో మేరీ కవర్ జోన్స్ అనే ఆవిడ కుందేలంటే భయపడే మూడేళ్లలోపు పిల్లాడితో పనిచేశారు. వాడు ఇష్టమైనది తింటూ ఉంటే కుందేలుని గదిలో దూరంగా ఉంచేవారు, వాడు ఓర్చుకున్న కొద్దీ దగ్గరికి తెచ్చేవారు. చివరికి దాన్ని నిమిరాడండి. మీ కుందేలు "నలభై మంది ముందు నిలబడి చదవడం". దాన్ని గది అవతలి గోడ దగ్గరికి తీసుకెళ్లండి. కూర్చుని, మీ ఒక్కరికే, ఒక్క పదం. తర్వాత పక్కవాడితో కలిసి ఒక వాక్యం. అందరితో కోరస్‌గా పద్యం. తొందరపడొద్దండి.

చాక్‌పీస్:
అన్నా, ఇది చదివి చానసేపు ఫోన్ పక్కన పెట్టి కూసున్న. రుణాత్మక పునర్బలనం శిక్ష కాదు అనే బిట్టుకు ఎన్నిసార్లు సరైన జవాబు పెట్టిన్నో. రోజూ వానికి నేనే ఇస్తున్న అని తెల్వలేదు. రేపటిసంది ముందు, వాడు, తర్వాత అని నోట్‌బుక్కుల రాస్త.

నీలి సిరా:
నేను హైదరాబాద్‌లో క్లినికల్ సైకాలజిస్ట్‌ని. ఇక్కడ రాసింది చదివి ఎవరూ రోగ నిర్ధారణ చేయకూడదు, నేనూ చేయను. కానీ నా దగ్గరికి ఇలాంటి పిల్లవాణ్ని తీసుకొస్తే మొదట ఏమేం అడుగుతానో చెప్పగలను.

చూపు, వినికిడి పరీక్ష చేశారా? బోర్డు చూసి తప్పు లేకుండా దించుతున్నాడంటే దూరపు చూపు బాగానే ఉండొచ్చు, అయినా చూపించండి. నత్తి ఉందా? ఆటస్థలంలో మాట్లాడతాడా? ఇంట్లో మాట్లాడతాడా? చూసి రాయడం వేరు, చదవడం వేరు. అక్షరాన్ని బొమ్మలా దించే పిల్లలు ఉంటారు, దాని శబ్దం వాళ్లకు తెలియకపోవచ్చు. నిర్దిష్ట అభ్యసన వైకల్యాలను, అంటే చదవడం, రాయడం, లెక్కలు లాంటివాటిలో ప్రత్యేకంగా వచ్చే ఇబ్బందులను, 2016 వికలాంగుల హక్కుల చట్టం గుర్తించింది. అనుమానం ఉంటే పరీక్షలు చేయించవచ్చు. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో మేధో వైకల్యం ఉన్నవారి కోసం పనిచేసే జాతీయ సంస్థ ఎన్ఐఈపీఐడీ ఉంది.

ఇంట్లో గలగలా మాట్లాడి, బడిలో నెలకు పైగా నోరు మెదపని పిల్లల్లో ఒక రకమైన ఆందోళన సమస్య ఉంటుంది. సెలెక్టివ్ మ్యూటిజం అంటాం. అయితే ఆ పేరు పెట్టడానికి ముందు తప్పనిసరిగా దాటాల్సిన షరతు ఒకటుంది. బడిలో మాట్లాడే భాష రాకపోవడం వల్లో, ఆ భాషలో బెరుకు వల్లో మాట్లాడకపోతే దాన్ని ఈ సమస్యగా లెక్కించకూడదు. అందుకే అడుగుతున్నాను: ఆ అబ్బాయి ఇంట్లో ఏ భాష మాట్లాడతాడు?

చాక్‌పీస్:
మేడమ్. తండా పిలగాడు. ఇంట్ల లంబాడీ.

ఐదో తరగతి దాకా తండాల బడిల చదివిండు, ఈ యేడే మా ఊరికి వచ్చిండు. క్లాసుల ఇంకా నలుగురున్నరు తండానుంచి, వాళ్లు తెలుగు మంచిగనే మాట్లాడతరు. అందుకే నాకు ఆ దిక్కు ఆలోచనే రాలే. ఇయ్యాల ఇంటర్వెల్‌ల చూసిన. ఆ నలుగురితోటి గోడ పక్కన కూసోని మాట్లాడుతున్నడు. నేను పోంగనే ఆపిండు. నత్తి లేదు. చెవులు వినిపిస్తయి.

ఒక్కటి యాదికొచ్చింది. మొదటి వారం నేను చదివిస్తే ఒక పదం తప్పు పలికిండు. అందరు నవ్విన్రు. నేను కూడ నవ్విన, ప్రేమగనే. వాడు నా మొఖం దిక్కు చూసిండు.

విశాఖ మాస్టారు:
అమ్మా, ఆ ఒక్క రోజు గురించి నిన్ను నువ్వు మరీ తిట్టుకోకు. గుర్తు రావడమే పెద్ద విషయం. మిగిలింది రాస్తానన్నాను కదా, ఇప్పుడు అది నీ కథలోకే వచ్చింది.

కార్ల్ రోజర్స్ పేరు బిట్లలో పెద్దగా రాదు. మానవతావాదం అంటే మాస్లో నిచ్చెన (మనిషి అవసరాలను మెట్లుగా పేర్చిన బొమ్మ) ఒక్కటే గీయిస్తారు. రోజర్స్ చెప్పింది, తప్పు చేసినా నువ్వు నాకు కావలసినవాడివే అన్న భరోసా లేకపోతే మనిషి తన లోపలిది బయటపెట్టడని. వాడు నీ మొహం వైపు చూశాడు చూడు, అప్పుడు వెతికింది ఆ భరోసానే అయ్యుంటుంది.

రష్యన్ సైకాలజిస్టు వైగోట్‌స్కీని జెడ్‌పీడీ అనే మూడక్షరాలుగా చదివి ఉంటావు. 1934లో ముప్పై ఏడేళ్లకే క్షయతో పోయాడు. పిల్లవాడు ఒంటరిగా చేయలేనిది, తోడుంటే చేయగలిగేది, ఆ మధ్య ఉన్న చోటులోనే చదువు జరుగుతుందన్నాడు. జెడ్‌పీడీ అంటే ఆ చోటే. ఆ నలుగురు తండా పిల్లలూ నీకు దొరికిన తోడు. లంబాడీకీ తెలుగుకీ భాషా కుటుంబమే వేరు. వాడు ఒక ఒడ్డు నుంచి ఇంకో ఒడ్డుకి రోజూ ఈదుతున్నాడు.

మనిషిని వాడి సమాజం, భాష, సంస్కృతితో కలిపి చూసే సామాజిక సాంస్కృతిక దృక్పథం ఆలస్యంగా బలపడింది. 2010లో హెన్రిక్, మరి ఇద్దరూ కలిసి రాసిన వ్యాసం చాలామందిని కుదిపింది. మనిషి మనసు అని పుస్తకాల్లో రాసినదాంట్లో ఎక్కువ భాగం సంపన్న పాశ్చాత్య దేశాలవాళ్లని, అందులోనూ చాలావరకు కాలేజీ విద్యార్థుల్ని చూసి రాసిందేనని చూపించారు. తండా పిల్లవాడు ఏ పాఠ్యపుస్తకంలోనూ లేడు. వాడి గురించి తెలిసినది నీ నోట్‌బుక్కులోనే ఉంది.

బొద్దింక బాట:
ఇంతమంది జంతువుల్ని చెప్పారు, నేను ఇంకోదాన్ని తెస్తాను. సోషల్ సైకాలజీలో పీహెచ్‌డీ చేస్తున్నాను. చూసేవాళ్లుంటే మనం పని బాగా చేస్తామా, పాడుచేస్తామా? ఈ ప్రశ్నకు చాలా ఏళ్లు రెండు రకాల జవాబులూ వచ్చాయి. 1965లో జాయన్స్ ఒక ముడి విప్పాడు: బాగా వచ్చిన పని నలుగురి ముందు ఇంకా బాగా వస్తుంది, ఇంకా రాని పని ఇంకా చెడుతుంది. 1969లో ఆయన బృందం దీన్ని బొద్దింకల మీద చూసింది. నేరుగా పరిగెత్తే దారిలో, చుట్టూ అద్దాల గదుల్లో తోటి బొద్దింకలు ఉన్నప్పుడు త్వరగా పరిగెత్తాయి. మలుపు తిరగాల్సిన దారిలో ఆలస్యం చేశాయి.

క్లాసులో బాగా చదివేవాణ్ని లేపితే ఇంకా బాగా చదువుతాడు, తడబడేవాణ్ని లేపితే ఇంకా తడబడతాడు. మేడమ్, గట్టిగా చదివించడం అనేది చదువు వచ్చాక పెట్టాల్సిన పని. నేర్పడానికి అది సరైన పద్ధతి కాదని నా గట్టి నమ్మకం.

మెయిన్‌రోడ్ కాకినాడ:
సైకాలజీ అంటే ఆసుపత్రి, బడి ఈ రెండే కాదండోయ్. మా ఊరు ప్రపంచ సైకాలజీ పుస్తకాల్లో ఉందని ఎంతమందికి తెలుసు? హార్వర్డ్ నుంచి డేవిడ్ మెక్‌లెలండ్ 1960ల మధ్యలో మన దగ్గరికొచ్చారు. కాకినాడ వ్యాపారస్తులు యాభై మంది దాకా బ్యాచీలుగా హైదరాబాదు వెళ్లి, యూసఫ్‌గూడలోని చిన్న పరిశ్రమల శిక్షణ సంస్థలో పదిరోజుల పైచిలుకు శిక్షణ తీసుకున్నారు. బొమ్మ చూసి కథ రాయించేవారు. సాధించాలన్న తపన ఆ కథలో ఎంత ఉందో వాళ్లచేతే లెక్క కట్టించేవారు. కర్రకు రింగులు వేసే ఆట ఆడించి, మరీ దగ్గర్నుంచి వేస్తున్నావా, మరీ దూరం నుంచి వేస్తున్నావా అని చూపించేవారు. తర్వాత చూస్తే శిక్షణ తీసుకున్నవాళ్లు తీసుకోనివాళ్లకంటే ఎక్కువ పెట్టుబడి పెట్టారు, ఎక్కువమందికి పని ఇచ్చారు. 1969లో పుస్తకంగా వచ్చింది. పారిశ్రామిక మనోవిజ్ఞానం చదివేవాళ్లు దీన్ని వదలకండి, మన వీధుల్లో జరిగింది.

సర్క్యూట్ బోర్డు:
ఇంజనీర్‌ని, సందేహంతో అడుగుతున్నాను. 2015లో వంద సైకాలజీ అధ్యయనాల్ని మళ్లీ చేసి చూస్తే నూటికి 36 మాత్రమే నిలబడ్డాయని చదివాను. మనోవిశ్లేషణ మొదలెట్టిన ఫ్రాయిడ్ సంగతి సరేసరి, తప్పని నిరూపించే వీలే లేకుండా చెప్పాడు. ఇన్ని దృక్పథాలు ఉన్నాయంటేనే ఏదీ తేలలేదని కదా?

విశాఖ మాస్టారు:
న్యాయమైన ప్రశ్న బాబూ. ఆ లెక్క నిజం. ఆ వందలో సామాజిక మనోవిజ్ఞానం ప్రయోగాలు సంజ్ఞానాత్మక ప్రయోగాలకంటే తక్కువ నిలబడ్డాయి కూడా. కానీ మళ్లీ చేసి చూసింది ఎవరు? సైకాలజిస్టులే. తమ ఇల్లు తామే తవ్వి చూసుకున్నారు. ఈ రంగం మీద నాకు గౌరవం పెరిగింది అప్పుడే. ఎం.ఏ. మొదటి సంవత్సరంలోనే గణాంకాలు ఎందుకు పెడతారో ఇప్పుడు పిల్లలకు చెప్పడం తేలిక.

ఫ్రాయిడ్ చెప్పిన చాలా వివరాలు నిలబడలేదు. నాకు తెలియకుండా నాలో జరిగేది చాలా ఉందన్న మాట మాత్రం మిగిలింది. మన దేశంలో 1922లో గిరీంద్రశేఖర్ బోస్ కలకత్తాలో మనోవిశ్లేషణ సంఘం పెట్టి, వియన్నాలోని ఫ్రాయిడ్‌కే ఉత్తరాల్లో అభ్యంతరాలు చెప్పాడు. కలకత్తా విశ్వవిద్యాలయంలో సైకాలజీ విభాగం 1916లోనే మొదలైంది. మన విశాఖలో, ఆంధ్రా యూనివర్సిటీలో, కొత్త సచ్చిదానందమూర్తి గారి తరం తత్వశాస్త్రం పక్కనే, కె. రామకృష్ణారావు గారు 1960ల్లో సైకాలజీ విభాగాన్ని నిలబెట్టారు. పరామనోవిజ్ఞానం (టెలీపతి లాంటివాటి అధ్యయనం) మీద ఆయన పనితో నేను ఏకీభవించలేదు. కానీ భారతీయ తత్వంలో మనసు గురించి ఉన్నదాన్ని ఆయన ఎంత శ్రద్ధగా చదివారో చూసినవాణ్ని.

జీవశాస్త్ర దృక్పథం గురించి నీకు సందేహం రాకపోవచ్చు. 1861లో ఫ్రెంచి వైద్యుడు బ్రోకా ఒక రోగి మరణించాక మెదడు తెరిచి చూశాడు. మాట అర్థమయ్యేది, పలకలేకపోయేవాడు. ఎడమవైపు ముందు భాగం దెబ్బతిని ఉంది. అయినా చాక్‌పీస్ చెప్పిన పిల్లవాడి మెదడు స్కాన్ తీస్తే లంబాడీ సంగతి అందులో కనబడదు. అందుకే మిగతావి కావాలి.

డిగ్రీ సెకండియర్:
మేడమ్స్, సార్స్, నాది బీఏ సైకాలజీ. ఇన్ని శాఖలున్నాయి కదా, ఉద్యోగం దేనికి? దూరవిద్య ఎం.ఏ. చేస్తే క్లినిక్ పెట్టుకోవచ్చా? ఇంట్లో "పిచ్చి డాక్టరువి అవుతావా" అంటున్నారు.

నీలి సిరా:
ముందు ఇంట్లోవాళ్లకు చెప్పు: మందులు రాసేది సైకియాట్రిస్ట్. ఎంబీబీఎస్ చదివి, పైన మనోవైద్యంలో ఎండీ చేసినవాళ్లు. మనం మందులు రాయం. పరీక్షలు చేస్తాం, మాటతో, సాధనతో చికిత్స చేస్తాం.

ఉత్త ఎం.ఏ.తో, అందులోనూ దూరవిద్యతో, క్లినికల్ సైకాలజిస్ట్ అని బోర్డు పెట్టుకోకూడదు. ఆ పేరుకు ఆర్‌సీఐ (భారత పునరావాస మండలి) రిజిస్ట్రేషన్ కావాలి. 1992 చట్టంతో ఏర్పడిన మండలి అది. ఎంతోకాలం రెండేళ్ల ఎం.ఫిల్. దారి ఉండేది, రోగుల మధ్య చేసే శిక్షణ అది. కొత్త విద్యా విధానం తర్వాత కోర్సుల పేర్లు మారుతున్నాయి. చేరేముందు ఆ కోర్సుకు, ఆ సంస్థకు ఆర్‌సీఐ గుర్తింపు ఉందో లేదో మండలి జాబితాలోనే చూడు, బ్రోచర్ నమ్మకు. లక్షలు కట్టి మోసపోయినవాళ్లు నా దగ్గరికొచ్చి ఏడ్చారు.

కౌన్సెలింగ్, బడి సైకాలజీ, మానవ వనరులు, క్రీడలు, న్యాయ సంబంధం, ఆరోగ్య మనోవిజ్ఞానం... ఇవి వేరువేరు దారులు. ఇప్పుడే తేల్చుకోనక్కర్లేదు. నెలరోజులు ఒక ప్రత్యేక అవసరాల పిల్లల బడిలో, ఇంకో నెల ఒక ఆసుపత్రి విభాగంలో కూర్చుని చూడు. ఎక్కడ గంటల తరబడి వింటూ కూర్చోగలిగావో నీకే తెలుస్తుంది. ఇంకొకటి, ఇది చదివేవాళ్లలో ఎవరికైనా మనసు బాగోలేకపోతే ప్రభుత్వ సహాయ ఫోన్ లైను టెలీ మానస్ నంబరు 14416. డబ్బు తీసుకోరు, తెలుగులో మాట్లాడతారు.

చాక్‌పీస్:
మూడు వారాలైంది. అందరికి చెప్పాలె.

ముందు కండ్లు చూపించిన, మంచిగున్నయి. లేపి చదివించుడు క్లాసు మొత్తానికి బంద్ చేసిన. ఇద్దరిద్దరిని కూర్చోబెట్టి ఒకరికొకరు చదివిచ్చుకునుడు పెట్టిన. వానికి తండా పిలగాన్నే జోడి చేసిన. వినుకుంట పక్కనుంచి పోతున్న, ఆగుతలేను. వాళ్లు ఒక వాక్యం తెలుగుల చదివి, దాన్ని లంబాడీల మాట్లాడుకుంటరు, మళ్ల తెలుగుకు వస్తరు. నోట్‌బుక్కుల రాసుకున్న: మొదటి వారం సప్పుడు లేదు. రెండో వారం మంగళవారం పెదవులు కదిలినయి. శుక్రవారం మూడు పదాలు వినబడ్డయి.

నీలి సిరా మేడం చెప్పినట్టు అక్షరాలు శబ్దంతోటి వస్తయా లేదా అని కూడ చూసిన. ఒత్తులు దగ్గర ఆగుతడు. అది నేర్పాలె, అది నా పని.

మొన్న పాఠంల "అమ్మ" అని వచ్చింది. మీ భాషల ఏమంటరు అని క్లాసుల అందరి ముంగట అడిగిన, వాన్ని కాదు, ఆ ఐదుగురిని. నలుగురు సిగ్గుపడ్డరు. వీడు కూసునే అన్నడు, "యాడి". నేను బోర్డు మీద రాసిన. తప్పు పలికినట్టున్న. వాడు మెల్లగ తల అడ్డంగ ఊపి మళ్లొకసారి చెప్పిండు. నేను మళ్లొకసారి అన్న.

గట్టిగ చదువుడు ఇంకా కాలే. పేజీ మూలలు ఇంకా మడుస్తున్నడు. ఎం.ఏ.కు దరఖాస్తు పెట్టిన. ఒత్తులు ఆటలాగ నేర్పే పద్ధతి గోదారి గట్టు అన్న దగ్గర ఏమన్న ఉంటే చెప్పుర్రి.

గోదారి గట్టు:
ఉందండి. అట్టముక్కల మీద అక్షరం ఒకటి, ఒత్తు ఒకటి విడివిడిగా రాసి, పక్కపక్కన జరుపుతూ పలికించాలి. మా పిల్లలతో చేసింది ఫొటోలు తీసి రేపు పెడతాను. ముందు క-క్క, మ-మ్మ లాంటి జంటలతో మొదలెట్టండి, "అమ్మ" ఎలాగూ వచ్చేసింది కదా.